గ్రామ సభలో అవ్వ మంచం గురించి కూడా మాట్లాడదాం



ఒక్క ప్రశ్నతో మొదలుపెడతా. మీ గూడెంలో పోయినసారి జరిగిన గ్రామ సభలో ఏం మాట్లాడారో గుర్తు తెచ్చుకోండి. సీసీ రోడ్డు, బోరు, వీధి లైట్లు, పోడు పట్టాలు, ఇళ్ల జాబితా. ఇవే గదా? ఇందులో ఏదీ చిన్న విషయం కాదు. కానీ మంచం మీది నుంచి లేవలేని ముసలవ్వకి పొద్దున్నే ఎవరు మొహం కడుగుతున్నారు, ఎవరు అన్నం తినిపిస్తున్నారు, ఆ పని చేసే మనిషి కూలి ఎట్లా పోతోంది అని ఎవరన్నా అడిగారా? మా ఊళ్లో అడగలేదు. నేనూ అడగలేదు. ఆ సభలో ముందు వరసలో కూర్చున్నవాణ్ణి నేను.

మా ఇంటి సంగతి చెప్తా. సిగ్గుగానే ఉంది, అయినా చెప్పాలి.

మా అవ్వ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. పట్నం ఆసుపత్రిలో ఈ వయసులో ఆపరేషన్ కష్టం అన్నారు. ఆటోలో తిరిగి తీసుకొచ్చాం. అప్పట్నుంచి ఏడాదిన్నర ఆమె మంచం దిగలేదు. ఆ ఏడాది మా అమ్మ మిర్చి ఏరడానికి పోలేదు. ఇప్పపువ్వుకి పోలేదు. తునికాకు సీజన్ కూడా వదిలేసింది. చెల్లి డిగ్రీ రెండో ఏడాది పరీక్షలు రాయలేదు, అమ్మకి తోడు కావాలి కాబట్టి. మరి నేనేం చేశా? పోడు పట్టాల ధర్నాలో మైకు పట్టుకుని ఆడవాళ్ల హక్కుల గురించి మాట్లాడా.

పింఛను డబ్బుకి వేలిముద్ర కావాలన్నారు. జీవితమంతా మట్టి పిసికిన వేళ్లు, గీతలు అరిగిపోయినయి. మిషన్ ఒప్పుకోలేదు. మూడు నెలలు డబ్బు రాలేదు. వికలాంగుల సర్టిఫికెట్ అయినా తీద్దామంటే క్యాంపుకి తీసుకురమ్మన్నారు. నడవలేదని రుజువు చేసుకోడానికి నడవలేని మనిషిని అరవై కిలోమీటర్లు మోసుకురావాలి.

అవ్వ వీపు మీద పుండ్లు పడ్డాయి. ఒకే పక్కన పడుకోబెడితే పుండ్లు పడతాయని, రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మాకు తెలీదు. నర్సింగ్ చదివిన స్నేహితురాలు ఫోన్లో చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. అప్పటికే ఆలస్యమైంది. దానికి పెద్ద డాక్టరు అక్కర్లేదు, పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. వారానికోసారి ఇంటికొచ్చి చూసి చెప్పే ఒక మనిషి ఉంటే చాలు. ఆ ఒక్క మనిషి మా పంచాయతీలో లేదు. మీ పంచాయతీలో ఉన్నారా?

దీన్ని మనం ఇంటి విషయం అనుకుంటున్నాం. వేరేచోట్ల దీన్ని పాలన విషయం చేశారు. వాళ్లు ఏం చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో రెండూ చూద్దాం.

ముందు ఇంగ్లండు. అక్కడ ఆసుపత్రి వైద్యం జాతీయ ఆరోగ్య సేవ చూసుకుంటుంది. కానీ స్నానం చేయించడం, తినిపించడం, లేపి కూర్చోబెట్టడం, ఇంట్లో ఉండలేని ముసలివాళ్లకి వసతి చూడడం లాంటి పనుల బాధ్యత స్థానిక కౌన్సిళ్లది. 2014లో వచ్చిన కేర్ యాక్ట్ ప్రకారం, సంరక్షణ అవసరం ఉందని కనిపించిన పెద్దవాళ్లెవరికైనా కౌన్సిల్ అంచనా వేసి తీరాలి. ఆ మనిషికి డబ్బుందా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు అవసరం ఏంటో చూడాలి. ఇంకో మంచి మాట కూడా ఆ చట్టంలో ఉంది. ఇంట్లో సేవ చేసే మనిషికి, అంటే మా అమ్మలాంటి మనిషికి, ఆమె అవసరాలేంటో కూడా విడిగా అంచనా వేయించుకునే హక్కు ఉంది. మన దగ్గర అమ్మ ఏ జాబితాలోనూ లేదు.

ప్రణాళిక వేసే పద్ధతి కూడా గమనించండి. ఆ ప్రాంతంలో ముసలివాళ్లు ఎంతమంది, ఏ జబ్బులున్నాయి, ముందు ముందు ఏం అవసరమవుతుంది అని కౌన్సిలూ ఆరోగ్య సేవా కలిసి లెక్క తియ్యాలి. ఆ లెక్క మీదే ఖర్చు నిలబడాలి. కాగితం మీద మంచి పద్ధతే.

ఇక డబ్బు దగ్గరికి వస్తే కథ మారుతుంది. ఒక మనిషి దగ్గర 23,250 పౌండ్లకి మించి ఆస్తి ఉంటే సంరక్షణ ఖర్చు మొత్తం తనే పెట్టుకోవాలి. ఈ గీత 2010 నుంచి కదల్లేదు, ధరలు మాత్రం కదిలాయి. కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్లకి ఇచ్చే గ్రాంటు తగ్గించుకుంటూ వచ్చి, 2016లో ఒక దారి చూపించింది. సంరక్షణ కోసమే కౌన్సిల్ పన్ను కొంచెం పెంచుకోండి అంది, మొదట రెండు శాతం. వినడానికి బాగుంది. కానీ ఖరీదైన ఇళ్లున్న ప్రాంతంలో రెండు శాతం అంటే పెద్ద మొత్తం, పేద ప్రాంతంలో రెండు శాతం అంటే చిల్లర. పేద ప్రాంతంలోనే జబ్బు ఎక్కువ, అవసరం ఎక్కువ. ఎక్కడ అవసరం ఉందో అక్కడ డబ్బు తక్కువ పుట్టింది. 2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ తన ఖర్చులకి తగ్గ ఆదాయం లేదని నోటీసు ఇచ్చేసింది. సమాన వేతన బకాయిలు, కంప్యూటర్ వ్యవస్థ వైఫల్యం లాంటి కారణాలు కూడా అందులో ఉన్నాయి. ఏ కారణమైనా గానీ, తర్వాత వచ్చిన కోతల్లో పెద్దవాళ్ల సంరక్షణ కూడా పడింది.

ఇంకోటి. అక్కడి కౌన్సిళ్లు చాలావరకు ఈ సేవల్ని సొంతంగా నడపవు, ప్రైవేటు సంస్థల దగ్గర కొంటాయి. ఇంటింటికీ తిరిగి సేవ చేసే కార్మికులకి జీతం తక్కువ, మనుషులు నిలబడరు. అంత ధనిక దేశంలో కూడా పరిస్థితి ఇది. మనం నేర్చుకోవాల్సింది ఏంటంటే, హక్కు రాసుకుంటే సరిపోదు, దానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా రాసుకోవాలి.

ఇప్పుడు మన పక్కనే ఉన్న కేరళ చూడండి. 1996లో అక్కడ ప్రజా ప్రణాళిక మొదలైంది. రాష్ట్ర ప్రణాళిక డబ్బులో మూడో వంతుకి పైగా స్థానిక సంస్థలకి వదిలిపెట్టారు. ఏం చేయాలో ఊళ్లు కూర్చుని తేల్చుకోవాలి. ఇంకోవైపు కోళికోడ్, మలప్పురం జిల్లాల్లో మామూలు మనుషులు, బడిపంతుళ్లు, దుకాణదారులు, ఆటో డ్రైవర్లు శిక్షణ తీసుకుని, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్లి సేవ చేసే పద్ధతి పెంచారు. 2008లో కేరళ ప్రభుత్వం ఉపశమన సంరక్షణకి ఒక విధానం ప్రకటించింది. దేశంలో అట్లాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. తర్వాత పంచాయతీలు ఒక నర్సుని పెట్టుకుని ఇంటింటికీ పంపడం మొదలుపెట్టాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పంచాయతీలే బడ్స్ బడులు, కేంద్రాలు నడుపుతున్నాయి. ప్రణాళిక నిధుల్లో కొంత వాటా వృద్ధులకి, వికలాంగులకి పక్కన పెట్టాలన్న నియమం కూడా ఉంది.

అక్కడ అంతా స్వర్గం అని నేను చెప్పడం లేదు. కేరళలో కూడా ఆదివాసులకి అన్నీ చివరికే అందుతాయి. కానీ ఒక విషయం అక్కడ తేలిపోయింది. మంచాన పడ్డ మనిషిని చూసుకోవడం పంచాయతీ చేయగలిగిన పనే. లండన్ దాకా పోనక్కర్లేదు.

మరి మన సంగతి? మనకి చట్టం లేదా?

ఉంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకి అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. అందులో 26వది సాంఘిక సంక్షేమం, వికలాంగుల సంక్షేమంతో సహా. 27వది బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ ఎస్టీల సంక్షేమం. 1996లో వచ్చిన పెసా చట్టం మనకోసమే వచ్చింది. దాని 4వ సెక్షన్ ఒకసారి నెమ్మదిగా చదవండి. అభివృద్ధి ప్రణాళికలకి ముందు గ్రామ సభ ఆమోదం కావాలి. లబ్ధిదారుల్ని గుర్తించే బాధ్యత గ్రామ సభది. ఖర్చు సరిగ్గా పెట్టారని ధ్రువీకరణ పత్రం ఇవ్వాల్సింది కూడా గ్రామ సభే. ఇవి మనం సభల్లో చెప్పుకుంటూనే ఉంటాం. మనం చెప్పుకోనివి ఇంకో రెండున్నాయి. సామాజిక రంగాలన్నిటిలో ఉన్న సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపు ఒకటి. గిరిజన ఉప ప్రణాళికతో సహా స్థానిక ప్రణాళికల మీద, వాటి వనరుల మీద అదుపు రెండోది. ఈ అధికారాలు గ్రామ సభకి, తగిన స్థాయి పంచాయతీలకి దక్కేలా రాష్ట్రం చూడాలి అని చట్టం చెప్తోంది. 2011లో పెసా నియమాలు కూడా వచ్చాయి. ఇంత చట్టం చేతిలో పెట్టుకుని మన అవ్వకి వీపు మీద పుండు పడితే చూసే మనిషి లేకుండా ఉన్నాం.

డబ్బు సంగతి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. 2018 చట్టం తర్వాత తెలంగాణలో చాలా గూడేలు, తండాలు సొంత పంచాయతీలయ్యాయి. సంతోషమే. కానీ ఆ చిన్న పంచాయతీకి ఇంటి పన్ను ఎంత వస్తుంది? ఇంగ్లండు పేద ప్రాంతం కథే మనది కూడా. కాబట్టి పై నుంచి వచ్చే నిధులే దిక్కు. పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికి కట్టేశారు. మిగిలిన 40 శాతం ఊరి అవసరానికి వాడుకోనిచ్చారు, కానీ జీతాలకి వాడొద్దన్నారు. ఇక్కడే పీటముడి పడింది. రోడ్డుకి సిమెంటు కావాలి, సంరక్షణకి మనిషి కావాలి. సిమెంటు కొనడానికి డబ్బుంది, మనిషిని పెట్టుకోడానికి లేదు. అందుకే మన ఊళ్లల్లో రోడ్డు మీద రోడ్డు పడుతుంది, ముసలమ్మ ఇంటికి మాత్రం ఎవరూ రారు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు కూడా ఆగిపోతుంది. 2024 మొదట్లో సర్పంచుల గడువు అయిపోయి ప్రత్యేక అధికారుల చేతికి పోయినప్పుడు పంచాయతీలు ఎట్లా ఎండిపోయాయో మనం చూశాం.

అట్లని పక్కన పెట్టలేమా అంటే, పెట్టగలం. అదే 2018 చట్టం పంచాయతీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలంది. మొక్కలకి నీళ్లు పోసే మనిషి దొరికాడు, ట్రాక్టర్ వచ్చింది, ట్యాంకర్ వచ్చింది. మొక్కలు వద్దని నేను అనను, అడవి బిడ్డని. కానీ మొక్క బతికిందా లేదా అని లెక్క రాసే పంచాయతీ, మనిషి ఎట్లా బతుకుతోందో ఎందుకు రాయదు?

ఇక్కడ కొందరు నన్ను అడుగుతారు. అవి మూడు ప్రశ్నలు, నేను విన్నవే.

మొదటిది: "పింఛను ఇస్తున్నరు గదా తమ్మీ, ఇంకేం కావాలె?" పింఛను కావాలి, పెరగాలి. 2019లో తెలంగాణలో అది 2,016 రూపాయలైంది. అందులో కేంద్రం వాటా ఎనభై ఏళ్లు నిండనివాళ్లకి నెలకి 200 రూపాయలే. కానీ డబ్బు మనిషిని పక్కకి తిప్పదు. మూత్రం గొట్టం మార్చదు. పింఛనూ కావాలి, మనిషీ కావాలి. ఒకటి చూపించి రెండోది లేదనకూడదు.

రెండోది: "మనం ఆదివాసులం. పట్నపోళ్ల లెక్క ముసలోళ్లని వదిలేస్తమా? మన ఆచారం మనకుంది." ఈ మాట మీద నాకూ గర్వం ఉంది. మన గూడేల్లో ముసలివాళ్లని ఆశ్రమాలకి పంపరు, నిజం. కానీ ఆ ఆచారాన్ని ఎవరి నడుం మోస్తోంది? మా ఇంట్లో అయితే అమ్మ నడుం, చెల్లి చదువు. మగవాళ్లం ఆచారం గురించి మాట్లాడాం, వాళ్లు ఆ ఆచారం చేశారు. పైగా ఇప్పుడు కుర్రాళ్లు పనులకి హైదరాబాద్ పోతున్నారు, బెంగళూరు పోతున్నారు. గూడెంలో ముసలివాళ్లు ముసలివాళ్లనే చూసుకుంటున్నారు. ఆచారం నిలబడాలంటే దానికి ఊరంతా భుజం పెట్టాలి. పంచాయతీ మనిషి ఇంటికొస్తే కూతురు ప్రేమ తగ్గిపోదు. కూతురు బడికో కూలికో పోయి సాయంత్రం వచ్చి అవ్వ పక్కన కూర్చుంటుంది, అంతే.

మూడోది: "ఇదంతా ఎన్‌జీవోల చేతికో, ప్రైవేటోళ్ల చేతికో పోతది." ఈ భయం సరైందే. ఇంగ్లండు అనుభవం చెప్పింది కూడా ఇదే. అందుకే మొదట్నుంచే మాట స్పష్టంగా ఉండాలి. పని చేసే మనిషి మన గూడెం మనిషే కావాలి, మన భాష మాట్లాడాలి. కోయ భాషలో నొప్పి చెప్పుకునే అవ్వకి తెలుగులో అడిగితే ఏం చెప్తుంది? ఎంపిక గ్రామ సభది. డబ్బు పంచాయతీ ద్వారా రావాలి. లెక్క గ్రామ సభకి చెప్పాలి.

ఇది ముసలివాళ్ల ఒక్కళ్ల విషయం కూడా కాదు. సికిల్ సెల్ ఉన్న కుర్రాళ్లు మన గూడేల్లో ఎంతమందో మీకు తెలుసు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సికిల్ సెల్‌ని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. చెట్టు మీది నుంచి పడి నడుం విరిగినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, మతి స్థిమితం లేక గుడిసెలో ఒక మూలకి పరిమితమైనవాళ్లు, అందరూ ఈ లెక్కలోకి రావాలి.

ఏం చేద్దాం? నాకు తోచింది చెప్తా. తప్పులుంటే దిద్దండి.

ఒకటి, లెక్క. ప్రభుత్వం తీసేదాకా ఆగొద్దు. గూడెంలో చదువుకున్న ఐదుగురు ఇల్లిల్లూ తిరగండి. ఎవరు లేవలేరు, ఎవరు చూడలేరు, ఎవరికి పింఛను ఆగింది, ఎవరికి సర్టిఫికెట్ లేదు, వాళ్లని ఎవరు చూసుకుంటున్నారు, ఆ చూసుకునే మనిషి కూలి ఎంత పోతోంది. ఆ చివరి గడి మర్చిపోకండి.

రెండు, తీర్మానం. అక్టోబరు 2న మొదలయ్యే పంచాయతీ ప్రణాళిక సభల్లో ఈ జాబితా చదవండి. పంచాయతీ ప్రణాళికకి కేంద్రం పెట్టిన తొమ్మిది అంశాల్లో సామాజిక భద్రత గల పంచాయతీ ఒకటి. ఆ గడి మన ప్రణాళికల్లో ఎక్కువగా ఖాళీగానో, ఎవరో ఆఫీసులో కూర్చుని నింపిందిగానో ఉంటుంది. దాన్ని మనం నింపాలి.

మూడు, డబ్బు. వాకర్లు, నీళ్ల పరుపులు, మంచాలు, ఇంటి ముందు ర్యాంపు, పట్టుకుని లేచే మరుగుదొడ్డి లాంటివి ఊరి అవసరానికి వాడుకునే గ్రాంటులో అడగొచ్చు. మనిషి గౌరవ వేతనం మాత్రం గిరిజన ప్రత్యేక నిధి నుంచి రావాలి. ఒక లెక్క చూడండి. నెలకి 6,000 చొప్పున ఒక మనిషికి ఏడాదికి 72,000. సామానుకి ఇంకో ముప్పై వేలు అనుకుందాం. లక్షకి కాస్త పైన. ఒక సీసీ రోడ్డు బిల్లు పక్కన పెట్టి చూడండి ఇది ఎంతో. ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, తెలంగాణలో 2017లో దాన్నే ప్రత్యేక అభివృద్ధి నిధిగా మార్చారు. ఆ డబ్బు మన పేరు మీద వస్తోంది. ఐటీడీఏ ప్రణాళికలో ఒక పద్దు దీనికి రాయమని అడగడం భిక్ష కాదు.

నాలుగు, శిక్షణ. తెలంగాణ జిల్లా ఆసుపత్రుల్లో ఉపశమన సంరక్షణ కేంద్రాలున్నాయి. మన గూడెం మనిషికి అక్కడ శిక్షణ ఇప్పించాలి, ఆ బృందం నెలకోసారి మన మండలానికి రావాలి. ఆశా అక్క మీదే ఇదంతా వేయొద్దు. ఆమెకి ఇప్పటికే మోయలేని బరువుంది.

ఐదు, కాగితాలు ఇంటికి రావాలి. లేవలేని మనిషికి సర్టిఫికెట్ పరీక్ష, పింఛను పంపిణీ ఇంటి దగ్గరే జరగాలి. వేలిముద్ర పడకపోతే పంచాయతీ కార్యదర్శి సాక్ష్యం చాలాలి.

చివరగా మన ఉద్యమం గురించి ఒక మాట. 2013లో ఒడిశా నియమగిరిలో పన్నెండు గ్రామ సభలు కూర్చుని గని వద్దన్నాయి. పన్నెండుకి పన్నెండూ. ఆ రోజు నుంచి గ్రామ సభ అంటే మనకి 'వద్దు' అని చెప్పే బలం. గని వద్దు, డ్యామ్ వద్దు, మా భూమి ఇవ్వం. ఆ బలం వదులుకోకూడదు. కానీ అదే సభ 'కావాలి' అని కూడా చెప్పగలగాలి. ఏం కావాలో, ఎవరికి కావాలో, ఎంత కావాలో లెక్క రాసి అడగగలగాలి. 'మావ నాటే మావ రాజ్' అని మనం గట్టిగా అంటాం. మన ఊళ్లో మన రాజ్యం వస్తే ఆ రాజ్యంలో మంచాన పడ్డ అవ్వని చూసేదెవరో మనమే చెప్పాలి గదా. పెద్దలు ఆలనా పాలనా అని కలిపే అన్నారు. మనం పాలన కోసం కొట్లాడుతూ ఆలన ఆడవాళ్లకి వదిలేశాం.

పోయిన నెల మేం కొందరం మా గూడెంలో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నాం. చిన్న గూడెమే, అయినా పేజీ నిండింది. కొన్ని ఇళ్లల్లో ఆ అవ్వలు, తాతలు "మా గురించి అడగడానికి వచ్చిండ్రా?" అని రెండుసార్లు అడిగారు. మా చెల్లి కూడా మాతో వచ్చింది. ఆగిన పరీక్షలు మళ్లీ రాస్తానంటోంది. ఆ జాబితా ఆమె చేతిరాతే. వచ్చే సభలో దాన్ని నేను చదవను, ఆమే చదువుతుంది. నేను వెనక వరసలో కూర్చుంటా.

మీ గూడెం జాబితా మీరు రాయండి. సభలో చదవండి. ఏం జరిగిందో ఇక్కడ కింద చెప్పండి.

జై ఆదివాసీ.